ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి

బడి బస్సు వచ్చే లోపల ఆ ఇంటి ముందుగదిలో రోజూ ఒక తనిఖీ జరిగేది. రెండో తరగతి చదివే పిల్ల యూనిఫాం చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, నిలువుటద్దం ముందున్న బల్ల మీద ఎడమ చెయ్యి చాపి కూర్చునేది. తల్లి ఆ చేతిని కిటికీ వెలుగుకు తిప్పి, ముందురోజు పూసిన చోటల్లా వేలితో నొక్కి చూసేది. అయిదు గోళ్ళకు అయిదు రంగులు. ముంజేతి మీద వరసగా లోషన్లు పూసిన జాగాలు, ఏది ఏ సీసాదో మరిచిపోకుండా పక్కన పెన్నుతో పెట్టిన చుక్కలు. చెవి వెనక కొత్తగా వచ్చిన సెంటు.

"దురదగా ఉందా?"

"లేదు."

"మంటగా?"

"ఊహూ."

"రాత్రి నిద్రలో గోక్కున్నావా?"

"బుర్ర గోక్కున్నా. చెయ్యి గోక్కోలేదు."

తల్లి తృప్తిగా తలూపి, సీసా మూత మీద వెండిరంగు నక్షత్రం బిళ్ళ ఒకటి అంటించేది. నక్షత్రం పడ్డ సీసా గాజు అలమరలోకి వెళ్ళేది, పడకపోతే తిరిగి ఏజెంటు సంచిలోకి పోవాల్సిందే. ఆ ముందుగది ఒక బ్యూటీ పార్లర్. వీధిలో అందరూ ఆ తల్లిని పార్లర్ అక్క అనేవారు. పిల్లకు మాత్రం వచ్చేపోయే ఆడవాళ్ళు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు. "ఏం ఇన్‌స్పెక్టరమ్మా, ఈ క్రీము పాసయిందా?" అని అడిగి మరీ కుర్చీలో కూర్చునేవారు. అది కూడా గవర్నమెంటు ఉద్యోగం వెలగబెడుతున్నట్టు మొహం పెట్టి "పాసే, కూర్చోండి" అనేది.

పాఠకులు ఇక్కడే ఒక నిర్ణయానికి రావద్దని నా మనవి. ఈ తల్లి బిడ్డను వ్యాపారానికి వాడుకున్న మనిషి కాదు. ఆ చుట్టుపక్కల ఆమె అంత నిక్కచ్చిగా పని చేసేవాళ్ళు లేరు. అసలు చిక్కంతా ఆ నిక్కచ్చితనం దగ్గరే వచ్చింది.

పెళ్ళికి ముందు ఆమె ఇంకొకరి పార్లర్‌లో పని నేర్చుకుంది. అక్కడ యజమానురాలు చేతికిచ్చిన చవకరకం క్రీము ఒక పెళ్ళికూతురి ముఖానికి పూసింది. తెల్లారేసరికి ఆ అమ్మాయి బుగ్గలు కందగడ్డల్లా ఉబ్బాయి. పెళ్ళి ఫొటోల్లో ఒక్కదానిలోనూ ఆ పిల్ల నవ్వలేదని తర్వాత ఎవరో చెప్పారు. ఆ మాట ఈమె మనసులో ముల్లులా దిగిపోయింది. సొంతంగా పార్లర్ పెట్టుకున్నాక ఒక నియమం చేసుకుంది. ఏ సరుకైనా ముందు తన ఇంటి వాళ్ళ ఒంటి మీద నిలవాలి, ఆ తర్వాతే పరాయివాళ్ళ ముఖం మీదికి వెళ్ళాలి.

మొదట్లో తన చేతి మీదే పూసుకునేది. కానీ ఏళ్ళ తరబడి జుట్టురంగులూ, బ్లీచులూ, గోళ్ళరంగు తుడిచే ద్రవాలూ తగిలి తగిలి ఆ చేతులు మొద్దుబారిపోయాయి. ఆమెకు ఏమీ కానిది ఒక కస్టమరు మెడ మీద దద్దుర్లు లేపింది. అప్పుడు అనిపించింది, పసిచర్మమైతే ఇట్టే చెప్పేస్తుంది కదా అని. పిల్ల సరదాగా చెయ్యి చాపింది. అలా మొదలైంది. "నా బిడ్డకి పడింది, మీకూ పడుతుంది" అని ఆమె చెప్పే మాట మీద ఆ పార్లర్ నడిచేది. ఏ కంపెనీ ఇస్తుంది అంతకంటే పెద్ద హామీ?

బడి నుంచి రాగానే ఇన్‌స్పెక్టరమ్మ ముందుగదిలోనే ఉండేది. మెత్తటి ప్లాస్టిక్ తొడుగు వేసిన కుర్చీలో కాళ్ళు ముడుచుకుని హోంవర్క్ చేసేది. కస్టమరు లేచి వెళ్ళగానే జుట్టురంగు వాసనలు పోవడానికి తల్లి గదంతా సెంటు కొట్టేది. వంట పొద్దున్నే అయిపోయేది కాబట్టి కూరా అన్నమూ ప్లాస్టిక్ డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, పిల్ల వచ్చాక ఆ డబ్బాతోనే మైక్రోవేవ్‌లో వేడిచేసి చేతికిచ్చేది. మూత తీస్తే కమ్మటి కూర వాసనతోపాటు కాస్త డబ్బా వాసన కూడా వచ్చేది. అది అందరి ఇళ్ళలోనూ వచ్చేదే అని ఎవరూ పట్టించుకోలేదు.

పిల్లకు ఒక చెడ్డ అలవాటు ఉండేది. లెక్కలు చేసేటప్పుడు గోళ్ళు కొరికేది. కూడిక తెగకపోతే ఎరుపు, తీసివేత తెగకపోతే నీలం నోట్లోకి పోయేవి.

"నోట్లోంచి ఆ వేళ్ళు తియ్యవే. మీ అమ్మ అన్నం పెట్టడంలేదా, గోళ్ళు తింటున్నావు?" అని నాయనమ్మ గదమాయించేది.

"లెక్క వస్తుంది నాయనమ్మా, ఇలా పెట్టుకుంటే."

"వస్తే ఇంతవరకూ రాలేదేం?"

ఆ నాయనమ్మే ఒకరోజు పిల్లకు స్నానం చేయిస్తూ చెయ్యి ఆపింది. ఒళ్ళు తుడుస్తుంటే పిల్ల ఛాతీ దగ్గర "అబ్బా, నొప్పి" అని వెనక్కి జరిగింది. ముసలావిడ మెల్లిగా వేలితో తాకి చూసింది. ఎడమవైపు చిన్న రేగిపండంత గట్టిగా తగిలింది. ఆమె పిల్లకు గౌను తొడిగి, ముందుగదిలో కస్టమరు వెళ్ళేదాకా తలుపు దగ్గర నిలబడి, తర్వాత కోడలిని లోపలికి పిలిచింది.

"అమ్మాయ్, దాని ఛాతీలో గడ్డలా తగులుతోంది. నువ్వు చూశావా?"

"బడిలో ఎవరో గుద్దుంటారు అత్తయ్యా. దాని ఫ్రెండ్సందరూ రౌడీలే."

"గుద్దితే కందుతుంది గానీ గడ్డ కడుతుందా? మొన్న కొన్న గౌను అప్పుడే పొట్టిదైపోయింది. దాని వయసు పిల్లలు దీని చెవి దగ్గరికి వస్తున్నారు. నువ్వు పొడుగవుతోందని మురిసిపోతున్నావు, నాకెందుకో భయంగా ఉంది."

"మీకు అన్నిటికీ భయమే."

"భయం ఉన్న చోటే జాగ్రత్త ఉంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకు. రేపు పార్లర్ మూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

కోడలు పైకి నవ్వింది గానీ, ఆ తర్వాత వచ్చిన కస్టమరు కనుబొమలు దిద్దుతుంటే దారం రెండుసార్లు తెగింది. గడ్డ అనే మాట తల్లి చెవిలో పడితే అది ఎక్కడి దాకా పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. మర్నాడు తలుపుకు బోర్డు తగిలించి పిల్లను తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

డాక్టరు నడివయసు దాటిన ఆడమనిషి. ఎక్కువ మాట్లాడే రకం కాదు. పిల్లను తెర వెనక పడుకోబెట్టి చూసింది, ఎత్తు కొలిచింది, బడిలో కొలిచిన పాత ఎత్తు ఎంతో అడిగింది. తర్వాత ఎడమ చేతికి ఎక్స్‌రే రాసింది.

"గడ్డ ఛాతీలో ఉంటే చేతికి ఎక్స్‌రే ఎందుకు డాక్టరుగారూ?"

"అది గడ్డ కాదమ్మా. ఛాతీ ఎదుగుదల మొదలైంది. చేతి ఎముకలు చూస్తే ఒంటి వయసెంతో తెలుస్తుంది."

తల్లికి ఒక్కసారి ఊపిరి తేలికైంది, ఆ వెంటనే బరువెక్కింది. ఏడేళ్ళ పిల్లకు ఎదుగుదల ఏమిటి? ఇంకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు. నిద్రపోవాలంటే ఒక చెవి ఊడిన కుందేలు బొమ్మ పక్కనుండాలి.

ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ పలక చూపించి, "పాపా, ఎడమ చెయ్యి దీని మీద పెట్టు, కదపకూడదు" అన్నాడు. పిల్లకు ఇది బాగా వచ్చిన పని. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, వేళ్ళు విడదీసి, బుద్ధిగా పెట్టింది.

"దురద వస్తే చెప్పాలా అంకుల్?" అని అడిగింది.

ఆయన నవ్వి, "ఇందులో దురద రాదమ్మా" అన్నాడు. తలుపు దగ్గర నిలబడిన తల్లికి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు అప్పటికి తెలియదు.

ఫిల్ము తీసుకుని మళ్ళీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, డాక్టరు ఫిల్ములోని చేతిని చూసి, బల్ల మీదున్న అసలు చేతిని చూసింది. అయిదు రంగుల గోళ్ళు. సగం సగం కొరికిన అంచులు. ముంజేతి మీద పెన్ను చుక్కలు.

"ఇవేమిటి పాపా? బొమ్మలు వేసుకున్నావా?"

"కాదు డాక్టరాంటీ, నేను ఇన్‌స్పెక్టర్ని. అమ్మ పార్లర్‌లో అన్నీ నేనే పాస్ చేస్తాను. నాకు దురద రాకపోతేనే వేరేవాళ్ళకి పూస్తాం." పిల్ల చెవి పక్కకు వంచి చూపించింది. "ఇక్కడ సెంటు. నిన్నటిది. ఇది కూడా పాసే."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ఎప్పటినుంచి?" అని తల్లినడిగింది.

"బాలవాడిలో ఉన్నప్పటినుంచండీ. ఇంతవరకూ ఒక్కసారి కూడా దద్దురు రాలేదు. వస్తే ఆ సరుకు వెంటనే వెనక్కిచ్చేసేదాన్ని. నేను చాలా జాగ్రత్తగా ఉంటానండీ."

"అర్థమైంది" అంది డాక్టరు. రక్తపరీక్షలూ, కడుపుకు స్కానూ రాసి, అవి వచ్చాక తల్లిని ఒక్కదాన్నే రమ్మంది.

రిపోర్టులు వచ్చిన రోజు డాక్టరు ముందు మంచివార్త చెప్పింది. భయపడాల్సిన గడ్డలేవీ ఎక్కడా లేవు. తర్వాత ఫిల్ము వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"మీ పాపకి ఏడేళ్ళు. దాని ఎముకలకి తొమ్మిది దగ్గర పడుతున్నాయి. ఇది ఇలాగే పరిగెత్తితే మూడో తరగతిలోనే నెలసరి వచ్చెయ్యచ్చు. ఎముకలు ముందే ముదిరిపోతే ఎత్తు కూడా తొందరగా ఆగిపోతుంది. ఆపడానికి మందుంది, కానీ ఇప్పుడే మొదలుపెట్టను. కొన్నాళ్ళు చూద్దాం."

"ఎందుకొచ్చిందండీ ఇది?"

"చాలామంది పిల్లల్లో కారణం దొరకదు. మీ పాపకి కూడా ఇదీ అని నేను చెప్పలేను. కానీ ఆ చెయ్యి చూశాక ఒక విషయం చెప్పకుండా ఉండలేను. థాలేట్లని కొన్ని రసాయనాలున్నాయి. ప్లాస్టిక్ పెళుసుగా విరిగిపోకుండా మెత్తగా ఉండడానికి కలుపుతారు. గోళ్ళరంగు పెచ్చులూడకుండా ఉండడానికీ, సెంటు వాసన చాలాసేపు నిలవడానికీ కూడా కొన్నిటిలో వాడతారు. ఒంట్లో ఎదుగుదలని నడిపే హార్మోన్లున్నాయి చూడండి, వాటి పనిలో ఇవి వేలు పెడతాయని పరిశోధనలు చేసేవాళ్ళు అనుమానిస్తున్నారు. పెద్దవాళ్ళకంటే పిల్లలకి, కడుపులో బిడ్డలకి ఎక్కువ జాగ్రత్త కావాలంటున్నారు."

"కానీ దానికి దురద కూడా రాలేదండీ" అంది తల్లి. "ఒక్కసారి కూడా రాలేదు."

"దురద చర్మం చెప్పే మాటమ్మా. ఇవి చర్మంతో పేచీ పెట్టుకోవు. చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్తాయి. చర్మంలోంచి కొంత, గాలిలో పీల్చి కొంత, నోటితో ఇంకా ఎక్కువ. పాప గోళ్ళు కొరుకుతుంది కదా. అన్నం ఎందులో వేడిచేస్తారు?"

ఆమె చెప్పింది.

"వేడి తగిలినా, నూనె తగిలినా ప్లాస్టిక్‌లోంచి ఇలాంటివి తిండిలోకి దిగుతాయి. అవి ప్లాస్టిక్‌కి గట్టిగా అంటుకుని ఉండేవి కావు."

"అంటే నేనే..."

డాక్టరు బల్ల మీదుగా ఒక నీళ్ళగ్లాసు జరిపింది. "మీవల్లే వచ్చిందని నేను అనడంలేదు. మీవల్ల రాలేదని చెప్పి పంపెయ్యనూ లేను. ఒక మంచి సంగతి కూడా ఉంది, వినండి. ఇవి ఒంట్లో ఏళ్ళ తరబడి నిలవుండవు. లోపలికి వెళ్ళేది ఆపితే చాలావరకు కొద్దిరోజుల్లోనే బయటికి పోతాయి. రోజూ కొత్తగా పోస్తూ ఉండడమే అసలు సమస్య. పొయ్యడం ఆపండి."

ఇంటికి వచ్చి ఆమె బట్టలు కూడా మార్చుకోకుండా ముందుగది కిటికీలన్నీ తెరిచింది. గాజు అలమరలోంచి నక్షత్రం సీసాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. లిఫ్టుల మెకానిక్కుగా పనిచేసే భర్త వచ్చేసరికి అలమర సగం ఖాళీ అయింది.

"ఇవన్నీ పారేస్తే తిండెలాగ?" అన్నాడు. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"కత్తెర ఉంది, దువ్వెన ఉంది, దారం ఉంది. చేతిలో పనుంది. ఆ వాసనలు లేకుండా పార్లర్ నడవదా? నడవకపోతే అప్పుడు చూద్దాం."

లిఫ్టు బాగుచేసేటప్పుడు తీగ చూడ్డానికి బాగానే ఉందని వదిలెయ్యరనీ, లోపల పోగులు తెగాయేమో చూస్తారనీ అతను తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత చొక్కా చేతులు పైకి లాక్కుని కుర్చీల ప్లాస్టిక్ తొడుగులు ఊడదీశాడు. నాయనమ్మ అటక మీదున్న స్టీలు డబ్బాలు దింపించి, "ఇన్నాళ్ళూ వీటిని పాతసామాన్లన్నారుగా" అని దెప్పుతూ కడగడానికి కూర్చుంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అనేది ఆమెకు ఇష్టమైన సామెత. ఆరోజు ఆ సామెత ఇంట్లో అందరూ చాలాసార్లు వినాల్సొచ్చింది.

మర్నాడు పొద్దున్న పిల్ల ఎప్పటిలాగే బల్ల ముందు కూర్చుంది. చొక్కా చెయ్యి మడిచి చెయ్యి చాపింది. ముందురాత్రి తల్లి గోళ్ళ రంగులన్నీ గీకి తీసేసింది కాబట్టి ఆ వేళ్ళు బోసిగా ఉన్నాయి.

"ఇంక వద్దమ్మా. ఈ పని మానేశాం."

"ఎందుకు?"

"వద్దని డాక్టరాంటీ చెప్పింది."

పిల్ల చెయ్యి తియ్యలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నాకు దురద రాలేదు కదా. నేను నిజమే చెప్పాను." చెయ్యి అలాగే ఉంచి అడిగింది. "అమ్మా, నేను ఫెయిలయ్యానా?"

తల్లి దాని ముందు నేల మీద కూర్చుంది. ఎక్స్‌రే గదిలో నవ్వు ఎందుకు రాలేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. పెళ్ళికూతురి బుగ్గలను తలుచుకుంటూ ఊళ్ళోవాళ్ళ ముఖాలన్నిటినీ కాపాడిన మనిషి, ఒక్కసారి కూడా ఈ చిన్న చెయ్యి వైపు నుంచి ఆలోచించలేదు. కాపలాకు పెట్టిన చోటే దొంగ దూరాడు.

"నువ్వు కాదు నాన్నా. ఫెయిలయింది నేను" అంది. "నువ్వు నిజమే చెప్పావు. నేను అడగాల్సింది అడగలేదు."

"ఏం అడగాలి?"

"సీసాని అడగాలి. ఇందులో ఏముందని. నీ చేతిని అడిగాను."

ఆ తర్వాతి వారంలో పార్లర్‌కు ఒక టీచరుగారు వచ్చారు. పిల్ల బడిలోనే పెద్దతరగతులకు చెప్పే ఆవిడ, పార్లర్ పెట్టినప్పటినుంచీ వస్తున్నవారు. గదిలో సెంటు వాసన లేకపోవడం చూసి ముక్కు ఎగబీల్చారు. అలమరలో నక్షత్రాలూ లేవు.

"ఏమ్మా, దుకాణం ఎత్తేస్తున్నావా? మన ఇన్‌స్పెక్టరమ్మేది?"

"లోపలుంది టీచరుగారూ. రాజీనామా చేయించాను."

తల వెంట్రుకల చివర్లు కత్తిరిస్తూనే ఆమె జరిగిందంతా చెప్పింది. దాచాలనుకుంటే దాచవచ్చు. ఇంటిగుట్టు బయట పెట్టుకోవద్దని అత్తగారు కూడా మెత్తగా ఒక మాట అని చూసింది. కానీ ఇన్నాళ్ళూ "నా బిడ్డకి పడింది" అని అందరికీ చెప్పిన నోటితోనే, పడలేదేమో అనే అనుమానం కూడా చెప్పకపోతే అది మోసమవుతుందని ఆమెకు అనిపించింది.

టీచరుగారు అద్దంలోంచి ఆమెను చూశారు. ఆవిడ మంచివారే, కాని మనసులో అనుకున్నది నోటి దగ్గర ఆపుకోలేరు. "ఎంత పని చేశావమ్మా. కన్నబిడ్డని పరీక్షకి పెట్టావా? తల్లివై ఉండి ఎలా చెయ్యగలిగావు?"

కత్తెర ఆగింది. ఆ మాట ఆమె అప్పటికే తనని తాను చాలాసార్లు అనుకుంది కాబట్టి కొత్తగా తగల్లేదు.

"పెట్టాను టీచరుగారూ, తప్పే. ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ మనవరాలు మొన్న ఇక్కడికి వచ్చినప్పుడు నోట్లో పెట్టుకుని నములుతున్న బొమ్మ, మెత్తగా సాగేది, అది దేంతో చేశారో మీకు తెలుసా?"

"నాకేం తెలుసు. కొట్లో అమ్ముతున్నారు, కొన్నాం."

"బడికి అన్నం ఏ డబ్బాలో వెళ్తుంది? వేడివేడిగా పెట్టి మూత బిగిస్తారా, చల్లారాకా? ఒంటికి పూసే పౌడరు గుమ్మని వాసనొస్తే మంచిదనే కదా కొంటాం? డబ్బా మీద సువాసన అని ఒక్క ముక్క రాస్తారు. ఆ ఒక్క ముక్క కింద ఎన్ని కలిపారో ఎవరమైనా అడిగామా? నేను నా బిడ్డని చూస్తూ చూస్తూ పరీక్షకి పెట్టాను. మిగతావాళ్ళు చూడకుండా పెడుతున్నారు. పిల్లలందరి చేతులూ ఆ బల్ల మీదే ఉన్నాయి టీచరుగారూ."

టీచరుగారు లేచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఆ డాక్టరుగారు మా బడికి వచ్చి తల్లిదండ్రులకి నాలుగు ముక్కలు చెబుతారేమో కనుక్కో" అన్నారు. డాక్టరు వచ్చింది. అక్కడ కూడా ఎక్కువ మాట్లాడలేదు. వేడి తిండికి స్టీలో, గాజో, పింగాణీయో వాడమంది. పిల్లలకు సెంట్లూ గోళ్ళరంగులూ వద్దంది. మెత్తగా ఉండి ఘాటుగా ప్లాస్టిక్ వాసనొచ్చే బొమ్మలు పసివాళ్ళ నోటికి అందనివ్వవద్దంది. గది గాలి ఆడనివ్వమంది, తినే ముందు చేతులు కడిగించమంది. ఆఖరికి, ఇవన్నీ ఇళ్ళల్లో ఆడవాళ్ళ నెత్తిన రుద్ది ఊరుకుంటే సరిపోదనీ, ఏది కలుపుతున్నారో పైన రాయాలని అమ్మేవాళ్ళనీ, రాయించాలని ప్రభుత్వాన్నీ గట్టిగా అడగాలనీ చెప్పింది. వెనక వరసలో ఒకాయన "ఇలా చూస్తే ఏదీ వాడలేం" అని విసుక్కున్నాడు. "అన్నీ మానలేరు, నిజమే. మానగలిగినవి మానండి" అంది డాక్టరు, అంతే.

పార్లర్‌కు కొందరు రావడం మానేశారు. వాసన లేని పార్లర్ వాళ్ళకు పార్లర్‌లా అనిపించలేదు. కొందరు కొత్తవాళ్ళు వచ్చారు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళు. రాబడి మునుపటంత లేదు, ఇల్లు గడవనంతగానూ పడిపోలేదు.

వేసవి సెలవుల ముందు పిల్లను మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఈసారి భర్త కూడా వచ్చాడు. పిల్ల బోసివేళ్ళతో పలక మీద చెయ్యి పెట్టింది, ఏమీ అడగలేదు. డాక్టరు పాత ఫిల్ము పక్కన కొత్త ఫిల్ము పెట్టి నింపాదిగా చూసింది.

"తొందర తగ్గింది" అంది చివరికి. "ఛాతీలో గట్టిదనం కూడా పెరగలేదు. ఇప్పటికి మందు అక్కర్లేదు."

తల్లి రెండుచేతులూ జోడించబోతుంటే డాక్టరు ఆపింది. "ఇది మీరు మానేసినందువల్ల తగ్గిందో, దానంతటదే నెమ్మదించిందో నేను చెప్పలేనమ్మా. కొందరు పిల్లల్లో అలా ఆగిపోతుంది కూడా. ఇంకా చూస్తూ ఉండాలి. మానేసినందువల్ల నష్టమేమీ లేదని మాత్రం చెప్పగలను."

తిరుగు బస్సులో పిల్ల తండ్రి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఇంకా ఒళ్ళో పట్టేంత చిన్నగానే ఉంది. తల్లికి ఆ దారి పొడుగునా అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

సెలవుల్లో ఒకరోజు సరుకుల ఏజెంటు వచ్చాడు. ఆయన కూడా పాపం ఇద్దరు పిల్లల తండ్రి, సంచి మోసి మోసి ఒక భుజం వంగిపోయినవాడు. చాన్నాళ్ళుగా ఇక్కడ ఏమీ అమ్ముడుపోవడంలేదు కాబట్టి ఈసారి ఆశగా ఒక కొత్త సీసా తీశాడు. లేతగులాబీరంగు, పైన నవ్వుతున్న పిల్ల బొమ్మ.

"ఇది పిల్లల కోసమే చేశారమ్మా. చాలా మైల్డు. కావాలంటే మన ఇన్‌స్పెక్టరమ్మ చేతి మీద వేసి చూడండి."

పిల్ల లోపలినుంచి వచ్చింది. అలవాటు ఊరికే పోదు కదా, దాని కుడిచెయ్యి తనంతట తానే ఎడమవైపు చొక్కా చెయ్యి పైకి లాగబోయింది. తల్లి చూసింది. పిల్ల సగంలో ఆగింది. చొక్కా చెయ్యి కిందికి దించి, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుని, చేతులు కట్టుకుని ఏజెంటు ముందు నిలబడింది.

"అంకుల్, ఇందులో ఏముంది?"

"మంచి లోషనమ్మా. గులాబీ వాసనొస్తుంది."

"వాసన కాదు. లోపల ఏం కలిపారు?"

ఆయన నవ్వుతూ సీసా తిప్పాడు. వెనకవైపు చిన్నక్షరాల మీద కళ్ళజోడు సర్దుకున్నాడు. కొంత చదివాడు, సువాసన అన్న చోట ఆగాడు. తల్లి వైపు చూశాడు. ఆమె సాయం రాలేదు.

"అది కంపెనీవాళ్ళకే తెలియాలమ్మా" అన్నాడు.

"అయితే వాళ్ళని అడిగి రండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "తెలిశాక చూద్దాం. ఇప్పటికి ఫెయిల్."

ఏజెంటు సీసాను సంచిలో పెట్టుకున్నాడు. పెట్టుకునే ముందు ఆ చిన్నక్షరాలను ఇంకోసారి చూసుకున్నాడు. తన ఇంట్లో కూడా అదే సీసా ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే గుర్తొచ్చి ఉండాలి. రెండో తరగతి పిల్ల అడగగలిగిన ఆ ప్రశ్నను కొనే ప్రతి మనిషీ అడగాలి. లోపల ఏముందో చెప్పలేని సీసాకు బిడ్డ చెయ్యి చాపి ఇవ్వకూడదు.